విరిగేదాకా అడిగిన మనిషి

మొన్న చాందా బజారులో ఒక పెద్దమనిషి మట్టికుండ కొంటున్నాడు. కుండను ఎడమచేతి మీద నిలబెట్టి, చూపుడువేలు మడిచి కొట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. కుండలు కొనేవాళ్లంతా చేసే పనే. కానీ ఆ చప్పుడు వినగానే నా చెయ్యి దానంతటదే పోయి నా ఎడమకాలిని పట్టుకుంది. పక్కన కూరగాయలమ్మే ఆమె ఏమైందక్కా, ముల్లు గిట్ల గుచ్చుకుందా అని అడిగింది. ఏం లేదమ్మా, మా పెద్దబాపు యాదికొచ్చిండు అన్నాను.

పెద్దబాపు అంటే మా నాయినకు అన్న. మరాఠీ దిక్కున ఉన్న రాజురాలో ఇనుప సామాను దుకాణం ఆయనది. గడ్డపారలు, నాగటి కర్రులు, గొలుసులు, మేకులు, మోకులు అమ్మేవాడు. నాకు ఊహ తెలియకముందే నాయిన పోతే, అమ్మను, నన్ను తన ఇంట్లో పెట్టుకున్నాడు. పెద్దమ్మ అప్పటికే లేదు. ఆయనా, ఆయన కొడుకూ, మేమిద్దరం. ఆ ఇంట్లో తిన్న అన్నానికీ, కప్పుకున్న బట్టకూ నేను ఈ రోజుకూ దీపం ముందు దండం పెట్టుకుంటాను. చదవడం నేర్పింది కూడా ఆయనే. పోలియో వచ్చి నా ఎడమ పాదం మడమ నుంచి వేలాడిపోయేది. అడుగు తీసి అడుగు వేస్తే వేళ్లు నేలను గీసుకుంటూ వచ్చేవి. ఊళ్లో బడి మరాఠీది, పైగా దూరం. అందుకని దుకాణం గుమ్మంలో కూర్చోబెట్టి, ఇనుపరేకు మీద సుద్దముక్కతో అ, ఆ లు దిద్దించాడు. ఇది చేసినవాడు చెడ్డవాడని నేనెప్పుడూ అనలేను. మంచివాడని కూడా ఆయన నాతో అనిపించుకోలేదు.

చేతికి ఏది వచ్చినా గోటితో కొట్టి వినడం ఆయన అలవాటు. కొత్త సరుకు దిగినా, అల్లుడు పెట్టిన ఇత్తడి చెంబు చూపించడానికి ఎవరైనా వచ్చినా, అమ్మ అన్నం కంచం ముందు పెట్టినా, వేలు మడిచి ఒక దెబ్బ. “ఏం జవాబిస్తదో చూద్దాం” అనేవాడు. ఆయన లెక్కలో లోకంలోని ప్రతి వస్తువూ జవాబు చెప్పడానికే పుట్టింది. మెల్లగా అడిగితే అబద్ధం చెప్తుంది, గట్టిగా అడిగితేనే నిజం చెప్తుంది. చుట్టాల ఇంటికి పోతే ఉయ్యాలలో పిల్ల తొడ గిల్లి, ఏడుపు విని, తల పంకించి, ఊపిరితిత్తులు మంచివే అని చెప్పి వచ్చేవాడు. తల్లులు నవ్వలేక నవ్వేవాళ్లు.

మనుషులకు సామాన్ల పేర్లు పెట్టేవాడు. సొంత కొడుకు సీసం. ఎట్లా వంచితే అట్లా ఉండిపోతాడు, మళ్లీ లేవడు. మా అమ్మ తాడు. తాడును గుంజవచ్చు, ఎంతైనా ఓరుస్తుంది, కానీ ముందుకు నెడితే కుప్పపడుతుంది, ఒక పని చెప్పి పంపితే సాధించుకుని రాదు అని. నేను సుద్దముక్క. ఆ పేరు బాగా అనిపించేది నాకు. సుద్దముక్కతోనే కదా అక్షరాలు వచ్చాయి అనుకునేదాన్ని.

కానీ ఆయన అన్నది అందుకు కాదు, అది విరిగే గుణానికి. సుద్దముక్కను నా చేత విరిపించేవాడు. రెండు చేతులతో వంచితే అడ్డంగా, కత్తితో కోసినట్టు విరుగుతుంది. రెండు కొసలు పట్టుకుని తడిబట్ట పిండినట్టు మెలిపెడితే ఏటవాలుగా, చుట్టుకుంటూ విరుగుతుంది. తర్వాత నన్ను అటు తిరగమని తానొక ముక్క విరిచి, “చదువు” అనేవాడు. విరిగిన చోటు చూసి దానికి ఏం జరిగిందో నేను చెప్పాలి. వంచినట్టుంది. మెలిపెట్టినట్టుంది. గుంజినట్టుంది. తప్పు చెప్తే ఆ రోజు కొత్త అక్షరం లేదు. అట్లా నాకు ఒకే కాలంలో రెండు చదువులు వచ్చాయి. అక్షరాల కన్నా విరిగిన అంచులే ముందు వచ్చాయేమో కూడా.

ఒకసారి రెండు ఇటుకల మీద పచ్చి వేపపుల్ల అడ్డంగా పెట్టి నడుమ వేలితో నొక్కాడు. కింది దిక్కు గుంజుకుపోయి బెరడు పగిలింది. పై దిక్కు నలిగి ముడతలు పడ్డది. “ఈ రెంటి నడుమ ఒక గీత ఉంటది, పిల్లా. దాన్ని గుంజేటోడు లేడు, నొక్కేటోడు లేడు. ఎంత వంచినా దానికి నొప్పి లేదు” అన్నాడు. కొంచెం ఆగి, వంటింటి దిక్కు చూసి, “ఇంట్ల నేను కూసునేది ఆ గీత మీదనే” అన్నాడు. వంటింట్లో అమ్మ చేతిలోని గరిటె చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలైంది.

పైన బరువు పెడితే రాయి ఎంతైనా మోస్తుంది, గుంజితే మాత్రం ఓర్వదు. తాడుది దానికి ఎదురు గుణం. బీడు, అంటే పోతపోసిన ఇనుము, ఏనుగును ఎక్కించినా నిలుస్తుంది, సుత్తి ఒక్కటి పడితే రెండు ముక్కలు. చేత ఇనుము, అంటే కాల్చి సాగగొట్టినది, దెబ్బ తింటుంది, వంగుతుంది, కానీ విరగదు. ఉక్కు రెంటికీ పై మెట్టు. అందుకే ఏ పనికి ఏది అన్నది దాని అందం చూసి కాదు, దాని మీద ఏ బలం ఎటునుంచి పడుతుందో చూసి ఎంచుకోవాలి. ఈ ముక్క ఆయన ఎంత బాగా చెప్పేవాడో. ఆయన నోట విన్నవాళ్లెవరూ కొనడానికి ఇంకో దుకాణానికి పోలేదు.

అంత తెలిసిన మనిషికి ఒక్క మొండి పట్టు ఉండేది. వంగడం అంటే ఆయనకు అవమానం. ఇనుప దుకాణపోళ్లందరిదీ అదే తీరు. వంగిన గడ్డపార వాపసు వస్తుంది, నలుగురి ముందు సరుకు పరువు పోతుంది. కోర్పనా దిక్కు నుంచి ఒక రైతు వంగిన గడ్డపార పట్టుకొచ్చాడు ఒకసారి. గిట్ల వంగింది సావుకారీ, మార్చి ఇయ్యి అని మెల్లగా అడిగాడు. పెద్దబాపు గడ్డపారను చూడలేదు. ఆ రైతునే పైనుంచి కిందికి చూశాడు. “గడ్డపార వంగిందా? నీ నడుమే వంగింది, దాన్ని సూసి ఇది నేర్చుకున్నది” అన్నాడు. దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రైతు గడ్డపార భుజాన వేసుకుని పోతుంటే వెనకనుంచి చూస్తే, నిజమే, నడుము కొంచెం వంగే ఉంది.

అప్పుడప్పుడే మా దిక్కు కొత్త సామాన్లు దిగుతున్న రోజులు. బావుల దగ్గర నైలాన్ తాళ్లు, ఇంటింటా ప్లాస్టిక్ బకెట్లు, పొలాల్లో ఇనుప పైపుల బదులు ప్లాస్టిక్ పైపులు. మా దుకాణానికి ఎదురుగా వాటికే ఒక దుకాణం తెరిచారు. పెద్దబాపు రోజూ దాని ముందునుంచి పోతూ గుమ్మంలో వేలాడే బకెట్‌ను గోటితో కొట్టేవాడు. అది టప్ అనేది. “మూగది” అని ఉమ్మేసేవాడు.

అమ్మ ఆ ఇంట్లో ఒక్కటంటే ఒక్కటే పని ఆయనను అడగకుండా చేసింది. పోలియో వచ్చిన పిల్లలకు పాదం వేలాడకుండా నిలబెట్టే పట్టీలు పైసలు లేకుండా ఉత్తగనే ఇస్తారని, చాందాలో శిబిరం పెట్టారని ఎవరో చెప్తే, అక్కడి మహంకాళమ్మ దర్శనానికి పోతున్నామని చెప్పి నన్ను బస్సులో తీసుకుపోయింది. వాళ్లు నా కాలికి తడి సుద్దబట్టలు చుట్టి అచ్చు తీసుకున్నారు. కొన్ని వారాలకు రమ్మన్నారు. వచ్చేటప్పుడు నిజంగానే అమ్మవారి గుడికి పోయాము, అబద్ధం కాకూడదని. బిడ్డ నీ గడపకు తన కాళ్ల మీద నడిచి రావాలి తల్లీ అని అమ్మ మొక్కుకుంది. నా చెవిన పడేటట్టే మొక్కుకుంది.

రెండోసారి పోయేనాటికి పెద్దబాపుకు సంగతి తెలిసిపోయింది. తిట్టలేదు. నేనూ వస్తా పాండ్రి అని తెల్లటి ధోతి కట్టుకుని మాతోనే బస్సెక్కాడు. దారంతా అమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

ఆ పట్టీ పాలరంగు ప్లాస్టిక్‌ది. పిక్క వెనకనుంచి దిగి, మడమ చుట్టి, అరికాలి కిందికి ఒకే ముక్కగా వచ్చేది. చేతిలో పెట్టుకుంటే బరువే లేదు. దానిమీద చెప్పు తొడిగి, నడువమ్మా అన్నది డాక్టరమ్మ మరాఠీలో. నడిచాను. నా వేళ్లు నేలను గీసుకోలేదు. అడుగు వేస్తుంటే మడమ దగ్గర కొంచెం వంగేది, కాలు ఎత్తగానే మళ్లీ లేచేది, లేస్తూ నన్ను కూడా కొంచెం ముందుకు నెట్టేది. గది ఆ గోడ దాకా పోయి తిరిగి చూశాను. అమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఇట్లియ్యి. ఏం జవాబిస్తదో చూద్దాం” అన్నాడు పెద్దబాపు.

బయట వాకిట్లో రెండు ఇటుకలు పెట్టి, పట్టీని అడ్డంగా వేసి, దాని నడుమ ఎక్కి నిలబడ్డాడు. నిండు మనిషి. అది వంగింది. దిగాడు. అది లేచింది. మళ్లీ ఎక్కాడు, మళ్లీ దిగాడు. డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చి, అది పాప బరువుకు చేసింది బాబూ, మీ బరువుకు కాదు, వంగి లేవడమే దాని పని అని చెప్పింది. ఆయన వింటున్నట్టే తల ఊపుతూ ఎక్కాడు, దిగాడు, ఎక్కాడు. చివరకు మడమతో ఎగిరి దూకాడు. ఫట్‌మన్నది.

ఒక ముక్క తీసి నా చేతిలో పెట్టి, “చదువు” అన్నాడు.

విరిగిన అంచు వెంట ప్లాస్టిక్ తెల్లగా పాలిపోయి ఉంది, పొంగిన గాయం మాదిరి. సుద్దముక్క అట్లా ఎప్పుడూ పాలిపోలేదు. వంచి వంచి విరిచినట్టుంది పెద్దబాపూ, అన్నాను. “శభాష్” అని నా తల నిమిరి, అమ్మ దిక్కు తిరిగి, “సూసినవా? ఇది నీ బిడ్డను మోస్తదా?” అన్నాడు. ఇంకొకటి చేసిస్తాము, మళ్లీ రండి అని డాక్టరమ్మ అంటూనే ఉంది. మేము బస్టాండుకు వచ్చేశాము. ఆయన నన్ను భుజాన ఎత్తుకుని నడిచాడు. అమ్మ వెనకాల వచ్చింది.

ఇంటికొచ్చి ఆయనే నాకు పట్టీ చేశాడు. బొగ్గు గనుల లారీల కింద బరువు మోసే, విల్లు మాదిరి ఉక్కు కమాన్ పట్టీ తెచ్చి, జానెడు జానెడు ముక్కలు కోయించి, కొలిమిలో ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచి, దళసరి తోలు బూటుకు రెండు పక్కలా దిగగొట్టాడు. మోకాలి కింద తోలు బెల్టు. అంత శ్రద్ధగా ఆయన ఏ పనీ చేయగా చూడలేదు. లారీ కింద పొడుగ్గా ఉన్నప్పుడు కమాన్ ఊగుతుంది, సామానునంతా ఊయల ఊపుతుంది. పొట్టిగా కోసి రెండు పక్కలా బిగిస్తే ఊగడం మానేస్తుంది. మడమ దగ్గర వెంట్రుక వాసి సందు కూడా ఆయన ఉంచలేదు. సందు ఉంచితే వంగినట్టే కదా.

దానితో నేను నడిచాను. ఆ మాట దాచకూడదు. బండి చక్రం మాదిరి చప్పుడు చేసుకుంటూ, బరువు ఈడ్చుకుంటూ, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచాను. తోలు కింద చర్మం లేచి నెత్తురొచ్చేది. అమ్మ కొబ్బరినూనె రాస్తుంటే, రాయకు, చర్మం కూడా నేర్చుకోవాలె అనేవాడు. నేను నడుస్తూ పోతుంటే పక్కనుంచి వచ్చి భుజం మీద ఒక్క తోపు తోసేవాడు, పడతానా నిలబడతానా చూడడానికి. పడలేదు. ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు కోసం నేను పళ్లు బిగించి నిలబడేదాన్ని.

చైత్రంలో మహంకాళి జాతరకు పోయాము. అమ్మ మొక్కు తీర్చే రోజు. గుడి దారి నిండా జనం. మా కోర్పనా చుట్టాలు ఎదురుపడ్డారు. పిల్ల నడుస్తుందే అని ముక్కున వేలేసుకున్నారు. పెద్దబాపు ముఖం వెలిగిపోయింది. ఉత్తగ నడుసుడు గాదు, చూడుండ్రి అంటూ వచ్చి నా భుజం మీద ఎప్పటి తీరునే తోశాడు.

నా బూటు రెండు బండల నడుమ ఇరికి ఉంది. ఒంటి మీది భాగం తిరిగింది. కాలు తిరగలేదు. తిరగడానికి అందులో ఎక్కడా సందు లేదు. లోపల ఏదో పచ్చికట్టె చిట్లినట్టయింది. గోపురం నా కళ్ల ముందే ఉంది.

“ఏం ఇరిగింది, పట్టీయా?” అన్నాడు ఆయన.

ఆసుపత్రిలో ఎక్స్‌రే ఫిల్ము చేతికి వచ్చాక, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి చాలాసేపు చూశాడు. తర్వాత నా మంచం దగ్గరికి తెచ్చి, నాకు కనబడేటట్టు పట్టుకున్నాడు. అమ్మ, ఇప్పుడెందుకు బావగారూ, పిల్ల నొప్పితో ఉంది అన్నది. ఆయన వినలేదు.

“చదువు.”

తోలు బెల్టు ఆగిన చోటుకు కాస్త పైన, పోలియోతో సన్నబడ్డ ఎముక మీద ఒక గీత ఏటవాలుగా, చుట్టుకుంటూ పైకి పోయింది. దుకాణం గుమ్మంలో సుద్దముక్క మీద ఎన్నిసార్లు చూశానో ఆ గీతను.

“మెలిపెట్టినట్టుంది, పెద్దబాపూ. పట్టీ వంగలే. అందుకని ఎముక ఇరిగింది.”

ఆయన ఫిల్మును పక్కన పెట్టాడు. మంచం కింద ఉన్న పట్టీని తీసి, మోకాలి మీద పెట్టుకుని, గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. గుడిగంట తగ్గి తగ్గి పోయినట్టు మోగింది. “దీనికేం గాలే” అన్నాడు. ఆ మాటలో సంతోషమే ఉంది. నాకిప్పటికీ ఆ గొంతు వినబడుతుంది.

ఎముక అతికింది కానీ వంకరగా అతికింది. కాలు పొట్టిదయింది. మళ్లీ పట్టీ పట్టే కాలు కాదది. అప్పటినుంచి చంకలో కర్రతోనే నా నడక. ఆ ఇంట్లోనే ఉండిపోయాను. ఊళ్లో మనోళ్ల పిల్లలకు ఆ గుమ్మంలోనే తెలుగు అక్షరాలు చెప్పాను. ఎవరి సుద్దముక్కా విరవలేదు. అమ్మ మాత్రం తన మొక్కు తప్పు పట్టిందేమో, మొదట అబద్ధం చెప్పి పోయినందుకే అమ్మవారికి కోపం వచ్చిందేమో అనుకుంటూనే బతికింది. శిబిరం నాటి పట్టీ మాట ఎత్తితే, అది విరిగేదే కదమ్మా, ఆయన చూపెట్టిండు కదా, మంచిదే అయింది అనేది. ఆ నమ్మకం ఆమెకు చివరిదాకా కొంత నెమ్మది ఇచ్చింది. ఆ నమ్మకంతోనే పోయింది.

అమ్మ పోయిన మరుసటి ఏడాది పెద్దబాపుకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా అయింది. పాదం వేలాడింది, అచ్చం నాది వేలాడినట్టే. అన్న, ఆ సీసం అనిపించుకున్న అన్న, నాగపూర్ పోయి ఒక పట్టీ కొనుక్కొచ్చాడు. పాలరంగు ప్లాస్టిక్‌ది. పిక్క వెనకనుంచి అరికాలి దాకా ఒకే ముక్క. అన్న దాన్ని నా చేతికిచ్చి, నా ముఖం చూడకుండా బయటికి పోయాడు.

నేనే కట్టాను. ఆయన మంచం మీద కూర్చుని, మంచిగున్న ఎడమ చేత్తో దాన్ని గోటితో కొట్టాడు. టప్ అన్నది. తర్వాత అన్న ఒక పక్క, గోడ ఒక పక్క ఆసరాగా లేచి నిలబడ్డాడు. మంచం నుంచి గుమ్మం దాకా నడిచాడు. అడుగడుక్కూ పట్టీ మడమ దగ్గర వంగింది, లేచింది. నేను నేల మీద కూర్చుని దాన్నే చూస్తున్నాను. నడిచే మనిషిని చూడడం లేదు.

తిరిగొచ్చి కూర్చున్నాక, ఊపిరి పీల్చుకుని, ముద్దమాటతో నెమ్మదిగా అన్నాడు.

“అప్పుడు శిబిరంల... మొదటిసారి ఎక్కినప్పుడే... మంచి జవాబిచ్చింది అది.”

నేను తల ఎత్తాను.

“వంగింది, లేచింది. తెలిసింది నాకు. పరాయి మంది ఇచ్చిన ముష్టి సామాను... నా ఇంటి పిల్ల కాలికా? ఇరిగేదాంక ఎక్కిన.”

తప్పయిందని అనలేదు. బాధ కూడా లేదు ఆ ముఖంలో. ఒక మంచి సరుకును ఎట్లా ఓడించాడో చెప్పే దుకాణదారు ముఖమే అది. నేను ఆ పాలిపోయిన అంచు చూసి, వంచి వంచి విరిచినట్టుందని చెప్పాను కదా ఆనాడు. సరిగ్గానే చదివాను. ఎవరు, ఎందుకు అన్నది విరిగిన అంచు మీద ఉండదు.

దేవుడి గూట్లో దీపం ఉంది. దాని పక్కన అమ్మ ఫోటో. ఈ మాట ఆమె బతికుండగా ఆయన నోట రానివ్వనందుకు మహంకాళమ్మకు కూర్చున్నచోటి నుంచే దండం పెట్టుకున్నాను. అంతకు మించి మొక్కుకోవడానికి నాకు ఏమీ కనబడలేదు.

ఆయన పాదం చల్లగా ఉంది. బెల్టు వదులైనట్టుంటే బిగించాను. గట్టిగా ఉందా పెద్దబాపూ అని అడిగాను. లేదన్నట్టు తల ఊపాడు. ఇంకొంచెం బిగించాను.

“లే. మళ్లా గుమ్మం దాంక నడువు” అన్నాను.